మూడు ఎక్కువ చూపించే మీటరున్న షాపే నాకు నచ్చింది

అమలాపురంలో కాలవ గట్టు వెంట ఉన్న పంచరు షాపుల్లో ఒకదాని గురించి ఇది. దానికి బోర్డు లేదు. వేపచెట్టుకి వేలాడదీసిన లారీ టైరే బోర్డు. దాని మీద తెల్ల పెయింటుతో 'గాలి' అని రెండక్షరాలు, అంతే. ఏడాదిన్నరగా నెలకి రెండుసార్లు అక్కడికే వెళ్తున్నాను. మా స్టాఫ్ రూములో ఎవరు కారు కొన్నా "ఎక్కడ గాలి పెట్టిస్తున్నారు మేడమ్?" అని నన్నే అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాసి పడేస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. బండి తొమ్మిదేళ్ళ నాటి చిన్న కారు. పొద్దున స్కూలుకి, సాయంత్రం ఇంటికి, ఆదివారం అంబాజీపేటలో మా అత్తగారింటికి, ఎప్పుడైనా రాజమండ్రికి. దీని తిరుగుడు ఇంతే. కొన్న ఆరేళ్ళ దాకా టైర్లలో ఎంత గాలి ఉండాలో నాకు తెలీదు. బంకులో కుర్రాడు "ఎంతండీ?" అంటే "నువ్వు ఎంత పెడతావో అంత పెట్టు బాబూ" అనేదాన్ని. వాడు అన్ని బండ్లకీ 35 కొట్టేవాడు. పిల్లల చేత దశాంశాలు దిద్దించే మనిషిని, నా బండి దగ్గర మాత్రం కాకిలెక్క.

డ్రైవరు తలుపు తెరిస్తే, సీటుబెల్టు వచ్చే స్తంభం మీద కిందుగా ఒక తెల్ల స్టిక్కరు ఉంటుంది. అందులో ఉంది అసలు అంకె. మా బండికి మామూలుగా అయితే ముందూ వెనకా 220 కేపీఏ, అంటే 32 పీఎస్‌ఐ (రెండూ గాలి ఒత్తిడి కొలతలే, షాపుల్లో చెప్పేది పీఎస్‌ఐ). మనుషులూ సామానూ నిండుగా ఉంటే ముందు అదే, వెనక మాత్రం 250, అంటే 36. మీ బండికి వేరే ఉంటుంది. నా అంకె కాపీ కొట్టకండి, మీ తలుపు తెరిచి చూసుకోండి. స్టిక్కరు ఊడిపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. కేపీఏ మాత్రమే ఉంటే దాన్ని ఏడుతో భాగించి ఒక పిసరు పైకి సవరించుకోండి, సరిపోతుంది. టైరు పక్క గోడ మీద కూడా 'మాక్స్' అని ఒక అంకె ఉంటుంది. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ బండికి పెట్టించాల్సింది కాదు. మా తోటి టీచరొకాయన దాన్నే చూసుకుని నెల రోజులు 44తో తిరిగాడు. స్పీడు బ్రేకరు దాటితే నడుం విరిగేదిట. బండిలో ఏదో లోపమని షోరూముకి కూడా వెళ్ళొచ్చాడు.

ఇక షాపు సంగతి. నాకు అన్నిటికన్నా నచ్చింది దాని మీటరూ కాదు, పనితనమూ కాదు. పొద్దున్న ఐదున్నరకే తెరుస్తారు, మా ఇంటి నుంచి కిలోమీటరు కూడా లేదు. ఇది గొప్పేమిటి అంటారా? స్టిక్కరు మీద రాసిన అంకె చల్లగా ఉన్న టైరుకి. చల్లగా అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకి మించి నడవకుండా ఉండాలి. పరిగెత్తిన టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, మీటరు నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది. మీరు ఊరవతల పేద్ద షాపుకి పది కిలోమీటర్లు నడుపుకెళ్ళి కొలిపించేది చల్లటి గాలి కాదు.

ఇది నాకు మొన్న మే నెలలో బాగా తెలిసొచ్చింది. రాజమండ్రి నుంచి మిట్టమధ్యాహ్నం వస్తూ దారిలో ఒక షాపు దగ్గర ఆపాం. ఊరి పేరెందుకులెండి. అక్కడి కుర్రాడు కొలిచి "37 ఉందండీ, ఎండలో పేలిపోద్ది" అని నాలుగు టైర్లలోనూ బుస్సుమని వదిలేసి 32కి తెచ్చాడు. భయపెడితే నేనూ సరే అన్నాను. మర్నాడు పొద్దున మా పోర్టికోలో కొలిస్తే 27. ఉండాల్సిన దానికి ఐదు తక్కువ. ఎండాకాలంలో టైరు పేలేది ఎక్కువగా గాలి తక్కువై. గాలి చాలని టైరు ప్రతి చుట్టుకీ పక్క గోడ దగ్గర నలిగి, నలిగి, ఆ నలుగుడికే కాలిపోతుంది. పేలకుండా కాపాడుతున్నాననుకుని ఆ అబ్బాయి చేసింది సరిగ్గా దానికి ఎదురు పని. అందుకే వేడి టైరులోంచి గాలి తీయించకండి. మరీ తక్కువుంటే కొంచెం కొట్టించుకుని, మర్నాడు పొద్దున సరిచూసుకోండి.

మా గట్టు మీద షాపాయనకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, పని నేర్పింది. సాయంత్రం వెళ్తే "ఇప్పుడొద్దండీ, పొద్దున్నే తీసుకురండి, ఆయ్" అని పంపేస్తాడు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాణ్ణి నేను ఇంకెక్కడా చూళ్ళేదు.

ఒకసారి మరీ పెందలాడే వెళ్ళాను. అప్పుడే షట్టరు ఎత్తాడు. మోటారు వెయ్యకముందు కంప్రెసరు ట్యాంకు కిందకి చెయ్యి పోనిచ్చి చిన్న పిన్ను తిప్పాడు. తుప్పు రంగు నీళ్ళు చీదినట్టు బయటికొచ్చాయి, అర గ్లాసుంటాయి. "రాత్రికి రాత్రి ఇంతొస్తాదండి. వదలకపోతే ఇయ్యన్నీ మీ టైర్లోకే" అన్నాడు. చుట్టూ కాలవలు, చెరువులు, పైగా సముద్రం పక్కనే. మన గాలిలో చెమ్మ ఎంతో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆ గాలిని నొక్కి ట్యాంకులో పెడితే నీరు దిగుతుంది, ఆ నీరు టైరులోకి పోతే ఇనప రిమ్ము తుప్పు పడుతుంది. పది షాపులకి వెళ్ళినా ఈ పిన్ను తిప్పడం మాత్రం నా కంటపడలేదు.

పని చేసే తీరు చెప్తాను. ముందు కొలుస్తాడు, తరవాతే గొట్టం పట్టుకుంటాడు. నాలుగు అంకెలూ పైకి చదువుతాడు, నేను డైరీలో రాసుకుంటాను. ఈ డైరీ చూసి మావారు నవ్వుతారు గానీ, అదే ఒకసారి పనికొచ్చింది. మంచి టైరైనా నెలకి ఒకటో రెండో పీఎస్‌ఐ దానంతటదే తగ్గుతుంది. మాకు మూడు చక్రాలు అలాగే తగ్గుతుంటే వెనక ఎడమది రెండు వారాలకే నాలుగు తగ్గుతోంది. తొట్టిలో ముంచితే ఏమీ లేదు. ఆయన వేలితో కాస్త ఉమ్మి తీసి వాల్వు మూతి మీద రాశాడు. చూస్తుండగా ఆవగింజంత బుడగ లేచింది, మెల్లగా మిరియం గింజంత అయ్యి పగిలింది. మళ్ళీ ఇంకోటి. వాల్వు లోపలి పిన్ను మార్చి 20 రూపాయలు తీసుకున్నాడు. వేరేచోటైతే పంచరని చెప్పి టైరు విప్పేవాళ్ళేమో.

ఇప్పుడు మీటరు సంగతి. నాలుగు వందల ముప్పై పెట్టి ఆన్‌లైన్లో ఒక డిజిటల్ గేజీ కొన్నాను. ముందు రోజు షాపులో పట్టించిన గాలిని ఇంట్లో కొలిస్తే 32కి బదులు 29. మళ్ళీ పెట్టాను, 29. మూడోసారీ అంతే. గేజీ దండగయిందనుకున్నాను. సర్వీసుకి వెళ్ళినప్పుడు అక్కడి గేజీతో పోలిస్తే నాదీ వాళ్ళదీ అర అంకె తేడాలో కలిశాయి. అంటే మూడు తేడా షాపాయన మీటరుది. చెప్తే ఏమంటాడోనని కొంచెం జంకుతూనే చెప్పాను. ఆయన నా గేజీ తీసుకుని, వరసగా మూడు బండ్లకి తనదీ నాదీ పెట్టి చూశాడు. మూడిటికీ మూడే. "ఎక్కువ సూపిత్తందండీ ఇది" అని నవ్వి, సుద్దముక్క తీసుకుని మీటరు వెనకాల '3 కలపాలి' అని రాశాడు. వారం తర్వాత వెళ్తే సుద్ద స్థానంలో పెయింటు వచ్చింది. కొత్త మీటరు కొనచ్చుగా అంటే, "కొత్తది కూడా నాలుగు నెల్లకి ఇంతేనండి, దీని తప్పెంతో మనకి తెలుసు కదా" అన్నాడు. లెక్కల టీచరుగా దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే అది దిద్దుకోగలిగిన తప్పు. ఇప్పుడు మా బండికి ఆయన మీటరు మీద 35 కొడతాడు, నా గేజీ మీద 32 ఉంటుంది.

మీరు కూడా ఒక గేజీ కొనుక్కోండి. నాది ప్లాస్టిక్కు బొమ్మలా ఉంది, వెనక మూత వదులు, లైటు మొదటి వారంలోనే పోయింది. అయినా అంకె నమ్మకంగా చూపిస్తోంది, నాకు కావాల్సింది అదొక్కటే. కాలితో తన్ని చూడ్డం, వంగి చూసి "బాగానే ఉందిలే" అనడం స్కూటరు రోజుల అలవాటు. ఇప్పటి కార్లకి వచ్చే రేడియల్ టైరు నిండా గాలి ఉన్నా అడుగున కాస్త ఉబ్బినట్టే ఉంటుంది. 24కీ 32కీ కంటితో తేడా పట్టినవాణ్ణి నాకు చూపించండి.

మావారికి మాత్రం 38 ఇష్టం. మైలేజీ వస్తుందంటారు. కొద్దిగా వస్తుంది, కాదనను. కానీ గాలి ఎక్కువైతే టైరు నడుమ మాత్రమే రోడ్డుకి ఆనుతుంది, వానలో బ్రేకు పట్టు తగ్గుతుంది, నడుమ గాడులే ముందు అరుగుతాయి. తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. మా పాత టైర్లు మార్చినప్పుడు షాపాయన ఒకదాన్ని నిలబెట్టి, నడుమ మీద బొటనవేలు రాసి చూపించాడు. అంచుల్లో గోరు దిగే లోతుంది, నడుమ గుండు చేసినట్టుంది. మావారు ఏమీ మాట్లాడకుండా టీ తాగడానికి వెళ్ళిపోయారు. పైగా మన నల్లమట్టి మీద వేసిన రోడ్లు వానకి ఉబ్బి, ఎండకి కుంగి, కెరటాల్లా ఉంటాయి. వాటి మీద 38తో వెళ్తే డిక్కీలో చద్దన్నం క్యారియరు కూడా ఆగదు.

అలాగని 32 అన్నివేళలా మంత్రం కాదు. సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు వాళ్ళది మాలాంటి బండే. కనుమ మర్నాడు హైదరాబాదు బయల్దేరారు. ఐదుగురు మనుషులు, పాతిక కిలోల బియ్యం మూటలు రెండు, వలిచిన కొబ్బరికాయలు వంద. కాయ ఒక్కోటి అరకిలో పైమాటే. ఆవకాయ జాడీలు, ఆత్రేయపురం పూతరేకులు వేరే. వెనక టైర్లు రెండు చేతులెత్తి దణ్ణం పెడుతున్నట్టున్నాయి. స్టిక్కరులో రెండో వరస సరిగ్గా ఇలాంటి రోజు కోసమే. పొద్దున్నే షాపుకి పంపి వెనక 36 పెట్టించాను. ఊరు చేరి సామాను దింపాక మళ్ళీ 32కి తెచ్చుకోమని ఫోను చేసి మరీ చెప్పాను. తెచ్చుకున్నారో లేదో.

నైట్రోజన్ పెట్టించమంటారా అని కొందరు అడుగుతున్నారు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజనే. యంత్రంలోంచి వచ్చేదానిలో చెమ్మ ఉండదు, కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, అది నిజమే. కానీ "నైట్రోజన్ పెట్టించాం కదా" అని ఆరునెలలు చూడకుండా ఊరుకునేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం డబ్బు పెట్టను. మంచు నెలల్లో మాత్రం ఒకసారి ఎక్కువగా చూసుకోండి. పది డిగ్రీలు చలి పెరిగితే దాదాపు రెండు పీఎస్‌ఐ పడిపోతుంది. మేలో పట్టించిన 32 జనవరి తెల్లవారుజామున, కారకపోయినా, 30 అయిపోతుంది.

షాపు లోపాలు కూడా చెప్పాలి. కొబ్బరి లారీ ఏదైనా ముందు వచ్చి ఉంటే అరగంట నిలబడాల్సిందే, ఆరు చక్రాలూ అయ్యేదాకా మన వంక చూడడు. వానాకాలం చెట్టు కింద బురదలో చెప్పు కూరుకుపోతుంది, చీరతో వెళ్తే తల ప్రాణం తోకకొస్తుంది. కూర్చోడానికి ఒక పాత టైరే కుర్చీ. బిల్లు ఇవ్వడు. బంకులో ఊరికే పెట్టే గాలికి ఇక్కడ చక్రానికి 10 రూపాయలు. నలభై రూపాయలు నాకు ఎక్కువనిపించలేదు గానీ, అనిపించేవాళ్ళుంటారు. వాల్వు మూతలు అప్పుడప్పుడు పెట్టడం మర్చిపోతాడు, మీరే లెక్కపెట్టుకోండి.

స్టెప్నీకి మాత్రం డబ్బు తీసుకోడు. మొదటిసారి వెళ్ళినప్పుడే "స్టెప్నీ సూద్దామాండీ?" అన్నాడు. అన్నేళ్ళలో దాన్ని ఎవరూ అడగలేదు. డిక్కీలో గొడుగులు, ఆన్సర్ షీట్ల కట్ట, అత్తగారిచ్చిన కొబ్బరికాయల సంచీ అన్నీ తీసి కిందపెట్టి చాప ఎత్తితే, టైరులో 12 ఉంది. రోడ్డు మీద ఆపదొస్తే దాంతో ఏం చేసేవాళ్ళమో. నిండా కొట్టి, మూత పెట్టి, సామానంతా తనే తిరిగి సర్దాడు. ఎంతివ్వమంటావంటే సంచీ వైపు చూసి, "ఓ కాయుంచండి, సాలు" అన్నాడు. అప్పట్నుంచీ స్టెప్నీ రేటు అదే.