పెట్-సీటీ స్కాన్: యంత్రం సరే, ముందు జాగ్రత్తలూ రిపోర్టూ ఎలా ఉన్నాయి?

ఒకే బల్ల మీద రెండు స్కాన్లు. గడ్డ ఎక్కడుందో, ఎంత సైజో సీటీ చెబుతుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చే రేడియోధార్మిక చక్కెర మందును అది ఎంత ఆబగా లాక్కుంటోందో పెట్ చెబుతుంది, లాక్కున్న చోటు బొమ్మలో వెలుగుతుంది. క్యాన్సర్ స్టేజీ తేల్చడానికి, కీమో పనిచేస్తోందో లేదో చూడటానికి చాలా మంచి పరీక్ష. ఊరికే చెకప్ కోసం తీయించుకునేది మాత్రం కాదు.

సెంటర్‌కు మార్కులు వేయాల్సింది యంత్రం బ్రాండును బట్టి కాదు, ఫోన్లో ఏం చెప్పారన్నదాన్ని బట్టి. ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ముందు రోజు జిమ్, బరువులు వద్దు, కండరాలు మందును లాగేస్తాయి. షుగర్ 200 దాటితే సాధారణంగా వాయిదా వేస్తారు. అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసి తీస్తే మందు కండరాలకే పోతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పేగుల్ని వెలిగిస్తుంది కాబట్టి ఆపాలా, ఎప్పుడు ఆపాలని మీ డాక్టర్ని అడగండి. ఇవేవీ అడగని సెంటర్ నాకు నచ్చదు.

ఆలస్యంగా వెళ్తే సర్దుకుంటారులే అనుకోవద్దు. ఆ చక్కెర మందు ఎఫ్‌డీజీలోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ఇంజెక్షన్ తర్వాత సుమారు గంట కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. కబుర్లు చెబితే గొంతు కండరాలు వెలుగుతాయి. ఏసీ చలికి మెడ దగ్గరి బ్రౌన్ ఫ్యాట్ (ఒళ్లు వెచ్చబరిచే కొవ్వు) వెలిగి లింఫ్ గడ్డల్లా కనిపించి చదివేవారిని తికమక పెడుతుంది. శాలువా తీసుకెళ్లండి. బల్ల ఎక్కే ముందు మూత్రానికి వెళ్లాలి. ఆ రోజు కొన్ని గంటలు పసిపిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచాలి.

రిపోర్టులో అందరినీ భయపెట్టేది ఎస్‌యూవీ మ్యాక్స్, అంటే ఒక చోట మందు గరిష్ఠంగా ఎంత చేరిందో చెప్పే అంకె. మెదడు, మూత్రపిండాలు, మూత్రాశయం మామూలుగానే వెలుగుతాయి. గుండె కూడా చాలాసార్లు అంతే. మన దగ్గర టీబీ ఎక్కువ, టీబీ గడ్డలు కూడా క్యాన్సర్‌లాగే మండుతాయి. అంకె పెద్దదైనంత మాత్రాన క్యాన్సర్ కాదు, చిన్నదైతే కాదనీ కాదు. సెంటీమీటరు లోపు మచ్చలు తప్పిపోవచ్చు. మెదడుకు పాకిందేమో తెలియాలంటే ఎంఆర్ఐ కావాలి. లింఫోమా (లింఫ్ వ్యవస్థ క్యాన్సర్) అయితే, వెలుగును లివర్ వంటి భాగాలతో పోల్చి 1 నుంచి 5 వరకు ఇచ్చే డోవిల్ స్కోరు అడగండి. 3 అంటే వెలుగు లివర్‌ను మించలేదని.

రేడియేషన్ చికిత్స తర్వాత మూడు నెలలు ఆగకపోతే వాపే వెలుగుతుంది. మళ్లీ తీయించుకునేటప్పుడు అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద, ఇంజెక్షన్ తర్వాత అంతే వ్యవధిలో తీయించుకోవాలి. లేకపోతే పాత ఎస్‌యూవీతో కొత్తది పోల్చలేం. ఫిల్ములతో సరిపెట్టుకోక, బొమ్మలన్నీ ఉన్న సీడీ అడిగి తీసుకోండి.