ఇకాలుయిట్‌లో శాటిలైట్ ఇంటర్నెట్: తొమ్మిదేళ్లు వాడాక

కెనడా ఉత్తరాన నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో తొమ్మిదేళ్లున్నాను. బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు, ఫైబర్ లేదు. కిటికీ పక్కన చిన్న మోడెమ్, ఊళ్లో పెద్ద డిష్, దానికి దిక్కు భూమధ్యరేఖ పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం. అంత ఉత్తరం నుంచి చూస్తే అది ఆకాశం అంచునే ఉంటుంది, అందుకే అక్కడి డిష్‌లు ఆకాశంలోకి కాకుండా దాదాపు ఎదుటి గుట్టల వైపు చూస్తుంటాయి. కొత్తలో గాలికి వంగిపోయాయనుకున్నాను.

మెయిల్‌కు, బ్యాంకు పనులకు ఇబ్బంది లేదు. ఫోన్ మాటలే కష్టం. నా మాట పైకెళ్లి దిగి, అమ్మ జవాబు అదే దారిలో వచ్చేసరికి అర సెకను దాటేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగేవాళ్లం. చివరికి అమ్మ ప్రతి మాట చివరా "ఇగ నువ్వు చెప్పు బిడ్డా" అనడం అలవాటు చేసుకుంది. వీడియో సంగతి అడగకండి, నెల డేటా ఇరవయ్యో తారీఖుకే ఖాళీ. మార్చి, అక్టోబర్లలో సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చే కొన్ని రోజులు, రోజూ కొన్ని నిమిషాలు సిగ్నల్ పోయేది.

వీటన్నిటికీ అలవాటుపడ్డాను. అసలు లోపం 2011 అక్టోబర్ 6న తెలిసింది. ఆ రోజు దసరా. పొద్దున ఏడింటికి కరీంనగర్‌కు ఫోన్ కలిపాను. అక్కడ సాయంత్రం, జమ్మికి బయల్దేరే వేళ. లైను లేదు, నెట్ లేదు. స్టీవ్ జాబ్స్ పోయారన్న వార్త రాత్రి సగం చదివి పడుకున్నాను, మిగతా సగం అందలేదు. సాఫ్ట్‌వేర్ తేడాతో, మా డిష్‌లు చూసే అనిక్ ఎఫ్2 ఉపగ్రహం భూమిని వదిలి సూర్యుడి వైపు తిరిగిందని తర్వాత తెలిసింది. ఏటీఎంలు ఆగాయి, విమానాలు ఎగరలేదు. ఊళ్లో ఇంటికీ ఇంటికీ మాత్రం ఫోన్ మోగింది, "మీకూ లేదా?" అని అడగడానికి! రోజంతా టెన్షనే. లైన్లు తిరిగొచ్చి నేను మాట్లాడేసరికి అమ్మకు పండుగ అయిపోయింది, నా వాటా బంగారం, అంటే జమ్మి ఆకు, పూజగదిలో పెట్టిందట.

ఐదుకు మూడు ఇస్తాను. తగ్గించింది వేగానికి కాదు, ఊరంతా ఒక్క ఉపగ్రహానికి వేలాడినందుకు. ఆ తర్వాత బియ్యం డబ్బాలో ఎప్పుడూ కొంత నగదు ఉంచాను. ఇప్పుడు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే ఉపగ్రహాల సర్వీసు అక్కడికీ వచ్చింది, మాటల మధ్య ఆ ఆలస్యం లేదంటున్నారు. పెట్టించుకున్న స్నేహితుడికి ఒకటే చెప్పాను, పాత కనెక్షన్ తీయించొద్దని.