పిల్లలతో చెరువు గాలం: ఆన్‌లైన్ కిట్టు, వలల దుకాణం, అమ్మ వంటింటి ఎర

ఈసారి దసరా సెలవులకు పుట్టింటికి పోదామనగానే పిల్లలిద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు, తాతతో కలిసి చెరువులో గాలం వెయ్యాలని. మా ఊరు నర్సంపేట దగ్గర పల్లె. బాపు చిన్నప్పటి నుంచి ఆ చెరువులోనే వల వేస్తున్నాడు, ఊరి మత్స్యకారుల సంఘంలో సభ్యుడు. నేను పెళ్లై హనుమకొండ వచ్చాక గాలం ముట్టుకోలేదు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. వాళ్లిద్దరికీ, నాకూ కావలసిన సామాను కోసం రెండు చోట్ల డబ్బు పెట్టాను. ఒకటి ఆన్‌లైన్‌లో, రెండోది వరంగల్‌లో వలలు, తాళ్లు అమ్మే ఒక పాత దుకాణంలో. మూడు రోజులు చెరువు దగ్గర వాడాక ఇది రాస్తున్నాను. పిల్లలను తీసుకుని చెరువుకు పోయేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఆన్‌లైన్ కిట్టు. 'ఫ్యామిలీ ఫిషింగ్ కిట్' అని ఉంటే 1,899 రూపాయలకు తెప్పించాను. ముడిచి పెట్టుకునే రాడ్లు రెండు, రీళ్లు రెండు, ఒక సంచి, ఒక డబ్బా నిండా సామాను. చూడగానే పిల్లల మొహాలు వెలిగిపోయాయి. డబ్బా తెరిచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాక నాకు దిగులేసింది. గాలపు ముళ్లన్నీ పెద్దవే, చాలా వరకు 1/0 సైజు. మన పల్లె చెరువుల్లో పిల్లల గాలానికి పడేవి పరకలు, జెల్లలు అనే చిన్న చేపలు. పరక నోరు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అంత ముల్లు దాని నోట్లో ఎలా పడుతుంది? ప్లాస్టిక్ చేపలు ఎనిమిది ఇచ్చారు, ఒక్కో దానికి రెండు చోట్ల మూడేసి ముళ్ల గుత్తులు. మొదటి రోజే పాప వెనక్కి ఊపినప్పుడు ఆ గుత్తి ఒకటి తమ్ముడి చొక్కా చేతికి పట్టుకుంది. చర్మానికి తగల్లేదు, అదే చాలు. ఆ చొక్కా కత్తిరించి ముల్లు తీసి, ప్లాస్టిక్ చేపలన్నీ డబ్బాలో పెట్టి మూత వేశాను.

రీలుకు చుట్టి వచ్చిన దారం ఎన్నాళ్ల నుంచి అలా ఉందో, విసిరితే స్ప్రింగులాగా చుట్టలు చుట్టలుగా వస్తుంది. రెండో రోజుకు ఒక రీలు మీద, దారం వదిలి మళ్లీ మూసుకోవాల్సిన తీగ మూసుకోవడం మానేసింది. ఇంకో రాడ్డు కొసన ఉండే రింగు ఊడి నీళ్లలో పడింది. నీళ్ల మీద తేలుతూ చేప ముట్టిందని చూపే బెండు ఒక్కటి కూడా లేదు, దాన్ని నిటారుగా నిలిపే చిన్న సీసం గుండ్లు లేవు. సంచి మాత్రం గట్టిది, లోపల మూడు అరలున్నాయి. రాడ్లు ముడిస్తే మూరెడు కూడా ఉండవు కాబట్టి బస్సులో తేవడం సులువైంది. ఆ రెండూ తప్ప అందులో మెచ్చుకునేది ఏమీ దొరకలేదు.

వలల దుకాణం సంగతి వేరు. ఇరుకు షాపు. పైన నైలాన్ వలలు వేలాడుతుంటాయి, కింద తాళ్ల ఉండలు, గల్లా పక్కన అద్దాల పెట్టెలో ముళ్లు. నేను నోరు తెరవకముందే పెద్దాయన అడిగాడు, "ఏ చెరువమ్మా? కట్ట మీదకెళ్లి ఏస్తరా, తూము కాడనా? పిల్లలు ఎంతెంత ఉంటరు?" అని. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాకే సామాను తీశాడు. ఆన్‌లైన్‌లో ఇలా అడిగేవాళ్లు లేరు, నా 1,899 రూపాయలు అక్కడే వృథా అయ్యాయి.

బాబుకు రీలు వద్దన్నాడు. ఐదడుగుల తేలికైన కర్ర, కొసకు నేరుగా దారం కట్టడమే, 150 రూపాయలు. నాకు మొదట నచ్చలేదు, అక్కకు రీలుంటే తమ్ముడు ఏడుస్తాడని. కాని మొదటి పరక పడింది ఆ కర్రకే. ఏడేళ్ల పిల్లవాడికి విసరడం, చుట్టడం, తీగ మూయడం ఒకేసారి రావు. ఈ కర్రతో బెండు మీద చూపు నిలపడం, మునగగానే మెల్లగా లేపడం, ఇంతే పని. పాపకు ఆరడుగుల ఫైబర్ రాడ్డు, చిన్న రీలు కలిపి 850. నాకు ఏడడుగుల రాడ్డు, 3000 సైజు రీలు కలిపి 1,150. దారం రెండు ఉండలు, పిల్లలకు 0.20 మిల్లీమీటర్లది, నాకు 0.30ది, రెండూ 200. ముళ్లు 10, 8, 6 నంబర్లు ఒక్కో ప్యాకెట్టు 40. బెండ్లు ఆరు, ఒక్కోటి 15. సీసం గుండ్ల పొట్లం 30. మొత్తం 2,590 అయితే 2,550 తీసుకున్నాడు. ముళ్ల నంబర్లు తెలియనివాళ్లకు ఒక మాట. నంబరు పెరిగే కొద్దీ ముల్లు చిన్నదవుతుంది. 10 అంటే 6 కంటే చిన్నది. 1/0, 2/0 అని గీత పెట్టి రాసినవి మాత్రం వీటన్నిటికన్నా పెద్దవి, అక్కడ ముందున్న అంకె పెరిగితే సైజు పెరుగుతుంది.

కార్బన్ రాడ్డు కూడా చూపించాడు, చాలా తేలిక. మా చెరువు శికం మీదుగా 11 కేవీ కరెంటు తీగలు పోతాయని చెప్పగానే తనే పక్కన పెట్టేశాడు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఫైబరైనా, వెదురైనా తడిస్తే నమ్మడానికి లేదు, తీగల కింద ఏ గాలమూ లేపకూడదు. ఉరుము వినపడితే గాలాలు దించేసి ఇంటికి రావాలి. ఈ మాట నేను పిల్లలకు రోజూ చెప్పాను.

ముడి వెయ్యడం కూడా ఆయనే నేర్పాడు. ముల్లు కంట్లో నుంచి దారం తీసి, దాని చుట్టూ ఐదు చుట్లు తిప్పి, కొసను ముల్లు దగ్గరి సందులోంచి తెచ్చి, ఉమ్మి తడి చేసి బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి నైలాన్ వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. మూడు రోజుల్లో మా ముడి ఒక్కటీ ఊడలేదు. బాబు పోగొట్టిన ముళ్లన్నీ రాళ్లలో, తుంగలో చిక్కుకుని పోయినవే.

షాపులో లోటు లేదని కాదు. రసీదు ఇవ్వలేదు, అడిగితే చీటీ మీద రాసిచ్చాడు. గుండ్లు సీసానివే ఉన్నాయి, ఇంకో రకం లేదు. సీసం ఒంటికి మంచిది కాదు, పిల్లలు వాటిని పళ్లతో నొక్కకుండా కత్తెర వెనక భాగంతో నేనే నొక్కాను, తినేముందు అందరి చేతులూ సబ్బుతో కడిగించాను. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు అక్కడ దొరకవు. అవి వేరేచోట కొన్నాను. అక్టోబరులో చెరువు మత్తడి దాకా నిండి ఉంటుంది, కట్ట రాళ్లు పాకుడు పట్టి జారుతాయి. బతుకమ్మలు వదిలే మెట్ల దగ్గర కూర్చోబెట్టి, జాకెట్టు వేశాకే పిల్లల చేతికి గాలం ఇచ్చాను.

ఇక ఎర. ఈ మూడు రోజుల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

షాపులో రెడీమేడ్ ఎర పొడి పావుకిలో ప్యాకెట్టు 130 రూపాయలకు విడిగా కొన్నాను. తీపి ఎసెన్స్ వాసన. నీళ్లు కొంచెం ఎక్కువైతే జావ అవుతుంది, నీళ్లలో పడగానే ముల్లు నుంచి విడిపోతుంది. గంటన్నరలో ఒక్క చేపా రాలేదు. ఆ వాసన మా చెరువు చేపలకు కొత్త అనుకుంటాను.

బాపు అది చూసి ఏమీ అనకుండా అమ్మను గోధుమపిండి అడిగాడు. రెండు గుప్పిళ్ల పిండి, ఒక గుప్పెడు పల్లిచెక్క పొడి, చిటికెడు ఇంగువ, బెల్లం నీళ్లు. చపాతీ పిండి కంటే గట్టిగా పిసికి, చివర్లో కొంచెం దూదిని సన్నగా పీకి కలిపాడు. ఆ దూది పోగులే ముద్దను ముల్లుకు పట్టి ఉంచుతాయి. షాపు పొడిలో లేనిది అదే. పాప పిసికింది, బాబు శనగగింజంత ఉండలు చేశాడు. పిల్లలకు ఈ పని గాలం వేసినంత ఇష్టమైంది. 6 నంబరు ముల్లుకు రేగుపండంత ఉండ గుచ్చి, అడుగుకు ఆనేలా బెండు జరిపి వేశాను. రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి బంగారుతీగ పట్టింది, కిలోకు కొంచెం పైనే. రీలు బిగింపు కాస్త వదులు చేసి ఉంచమని పెద్దాయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. చేప లాగినప్పుడు దారం కిర్రుమని వదులుతూ, అది ఆగినప్పుడు నేను చుట్టుకుంటూ, ఒడ్డుకు తేవడానికి చాలాసేపు పట్టింది. బిగించి ఉంచితే 0.30 దారం తెగేదే.

ముందు రోజు సాయంత్రం, మళ్లీ పొద్దున అరగంట ముందు, తవుడూ చెక్కా బురదతో కలిపి నారింజకాయంత ముద్దలు చేసి ఒకే చోట వేయించాడు బాపు. "జాగ మార్చకు బిడ్డా, చేపే జాగకొస్తది" అన్నాడు. పిల్లలు మాటిమాటికీ అటూ ఇటూ పోదామంటారు, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడానికి కూడా ఈ మాటే నాకు ఆధారమైంది.

పరకలకు, జెల్లలకు ఎర్రలను, అంటే వానపాములను మించింది లేదు. పశువుల కొట్టం వెనక తడి నేల తవ్వితే పది నిమిషాల్లో కొబ్బరిచిప్ప నిండా దొరికాయి. తడి మట్టి కప్పి నీడలో ఉంచాలి, ఎండ తగిలితే గంటలో చచ్చిపోతాయి, కదలని ఎర్రకు చేప అంతగా రాదు. సగం ముక్క చాలు, తోక కొంచెం వేలాడుతూ కదలాలి. 10 నంబరు ముల్లు, అడుగున్నర లోతు పెడితే పరకలు. 8 నంబరు పెట్టి చెరువు అడుగుకు దించితే జెల్లలు. పాప ఒక్కరోజులో తొమ్మిది జెల్లలు పట్టింది. జెల్లను ఉత్త చేత్తో పట్టొద్దు, రెక్కల దగ్గర ముళ్లు గుచ్చుకుంటే వేలు గంటల తరబడి సలుపుతుంది. తడి తువాలుతో పట్టుకోవాలి. కోడి పేగులు కూడా జెల్లలకు బాగా పని చేస్తాయి కాని, ఆ వాసనలో పిల్లలు కూర్చోలేరు, నేను వాడలేదు.

బెండు ఎంత సీసానికి నిటారుగా నిలుస్తుందో ఇంటి దగ్గరే బకెట్ నీళ్లలో చూసుకుని పోండి. చెరువు గట్టున పిల్లలు తొందర పెడుతుంటే ఆ పని సరిగా అవదు. బాపుకు మాత్రం షాపు బెండ్ల మీద గురి లేదు. జొన్న దంటు చీల్చి, లోపలి బెండు వేలెడంత కోసి కట్టుకున్నాడు. అది ఎంత తేలికంటే పరక ముట్టిందా జెల్ల మింగిందా అని కదలిక చూసి చెప్పేవాడు.

ముళ్లన్నిటికీ మొన దగ్గర ఉండే చిన్న ఎదురు ముల్లును ఇంట్లోనే పట్టుకారుతో నొక్కేశాను. పిల్లల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుందని అలా చేశాను. దాని అసలు లాభం చెరువు దగ్గర తెలిసింది. ముద్ద ఎరకు జానెడేసి రవ్వ పిల్లలు, బొచ్చె పిల్లలు కూడా పట్టాయి. అవి సంఘం చేపలు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను చెరువుల్లో వదిలే పథకం వచ్చింది, మా చెరువులోనూ వదిలారు. ఎండాకాలం నీళ్లు తగ్గాక సంఘం వాళ్లంతా వలలు వేసి పట్టి పంచుకుంటారు. ఏడాదంతా దాని మీద ఆశ పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఎదురు ముల్లు లేదు కాబట్టి నోరు చిరగకుండా ముల్లు తీసి, తడి చేత్తో పట్టి వెంటనే నీళ్లలోకి వదిలాం. మీది కాని ఊళ్లో గాలం వెయ్యాలంటే ముందు ఆ ఊరి సంఘం వాళ్లను అడగండి. పాకాల చెరువు మాకు దగ్గరే, కాని అది అభయారణ్యంలో ఉంది, అక్కడికి గాలం పట్టుకుని పోవద్దు.

పెద్దాయన దగ్గర నేను రబ్బరు కప్ప కూడా ఒకటి కొన్నాను, 180 రూపాయలు, కొర్రమట్ట కోసం. లోపల బోలుగా ఉండి, ముళ్లు వీపుకు ఆనుకుని ఉంటాయి కాబట్టి తుంగలో చిక్కదు. మూడో రోజు దాన్ని కడుతుంటే బాపు నా చెయ్యి పట్టుకుని తుంగ పక్కన నీళ్ల మీద చూపించాడు. ఎర్రగా, చెంబు మూతంత వెడల్పున చిన్న చిన్న పిల్లల గుంపు, గాలి కోసం పైకొచ్చి బుడబుడమని మునుగుతోంది. వాటి కిందే ఎక్కడో తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. "పిల్లల తల్లి బిడ్డా అది. దాన్ని గుంజితే ఇవన్నీ ఆగమైతయి" అన్నాడు. పాప గాలం పక్కన పెట్టి ఆ ఎర్ర గుంపు వెంట మెట్ల చివరి దాకా నడిచింది.

కప్ప ఇంకా కవరులోనే ఉంది. ఎండాకాలం సెలవులకు మళ్లీ పోయేటప్పుడు ఆ షాపులో ఆగి 10 నంబరు ముళ్లు ఇంకో రెండు ప్యాకెట్లు తీసుకోవాలి.