వేడి వార్తా, చల్లారిన కేసా: పదో తరగతిలో చర్చకు ఏది మేలు?

2019 డిసెంబరు 6, శుక్రవారం. ప్రార్థన ముగిసి పిల్లలు గదుల్లోకి వెళ్తుండగానే పదో తరగతి నుంచి చప్పట్లు వినిపించాయి. ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో పట్టుబడ్డ నలుగురు నిందితులను షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు తెల్లవారుజామున కాల్చి చంపారన్న వార్త అప్పటికే ఇంటింటా టీవీల్లో తిరుగుతోంది. నేను లోపలికి అడుగు పెట్టగానే ముందు బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఇవాళ పాఠం వద్దు, దీని గురించే మాట్లాడుకుందాం" అంది. సాంఘిక శాస్త్రం చెప్పేవాడికి అంతకన్నా ఏం కావాలి? నల్లబల్ల మధ్యలో గీత గీసి ఒక పక్క 'సరైనదే', ఇంకో పక్క 'తప్పు' అని రాశాను.

పీరియడ్ అయ్యేసరికి 'తప్పు' వైపు ఒక్క కుర్రాడు మిగిలాడు. ఇంటర్వెల్‌లో తోటివాళ్లు "నువ్వు వాళ్ల పక్షమా?" అంటూ వాడి వెంటపడ్డారు. మర్నాడు వాడు బడికి రాలేదు. తప్పు పిల్లలది కాదు, నల్లబల్ల మీద గీత గీసిన నాది.

అప్పటినుంచి ఇలాంటి విషయాలను మూడు రకాలుగా నడిపి చూశాను: రెండు జట్లుగా వాదన, ఏ రోజు వార్త ఆ రోజే మాట్లాడుకోవడం, ఏళ్లు గడిచిన కేసును కాగితం తర్వాత కాగితంగా విప్పడం. ఒక్కోటి ఒక్కో పనికి పనికొస్తుంది.

జట్ల వాదన మన బడులకు కొత్త కాదు. శనివారం బాలసభల్లో, ఆగస్టు 15కు ముందు జరిగే వక్తృత్వ పోటీల్లో పిల్లలకు అలవాటైనదే. మాట తడబడకుండా నిలబడటం, ఎదుటివాడి వాదంలో కంత వెతకడం దానితో వస్తాయి. అయితే మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే, మిగతావాళ్లు చప్పట్లు కొట్టడానికే. అసలు చిక్కు వేరే ఉంది. గెలవాలని దిగినవాడు మనసు మార్చుకోలేడు. మార్చుకుంటే ఓడినట్టే. ఒక మనిషి ప్రాణం గురించి మాట్లాడేటప్పుడు పద్నాలుగేళ్ల పిల్లలకు అన్నిటికన్నా ముందు ఇవ్వవలసింది మనసు మార్చుకునే వీలు.

అలాగని జట్ల వాదనను అటకెక్కించలేదు. రెండు వైపులా గౌరవంగా నిలబడగలిగే ప్రశ్న దొరికితే అదే మేలు. ఆ కాల్పులు జరిగిన సరిగ్గా వారానికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ అత్యాచార నేరాల్లో 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లును ఆమోదించింది. 21 రోజుల్లో న్యాయం చెయ్యగలమా, తొందరలో అమాయకుడు ఇరుక్కుంటాడా, ఆలస్యమైతే బాధితులకు మిగిలేదేమిటి? దీని మీద జట్లు కట్టి వాదించుకోవచ్చు. ఏ జట్టులో ఉన్నా మర్నాడు ముఖం చాటేసుకోవలసిన పని ఉండదు.

ఏ రోజు వార్త ఆ రోజే మాట్లాడే పద్ధతికి ఒక పెద్ద బలం ఉంది. మనం నోరు విప్పకపోయినా పిల్లలు దాన్ని ఫోన్లో చూసేశారు. ఊరంతా అట్టుడుకుతుంటే మాస్టారు వచ్చి ద్వీపకల్ప పీఠభూమి పాఠం తెరిస్తే, ఈయనకు చెప్పుకోవడం దండగ అనుకుంటారు. అందుకని ఆ రోజు మాట్లాడతాను. కానీ మంచిచెడుల తీర్పు అడగను. "మనకు ఏం తెలుసు? ఎవరు చెప్పారు?" అని రెండే అడుగుతాను. భయపడ్డవాళ్లు ఉంటే, ముఖ్యంగా అమ్మాయిలు, వాళ్లు చెప్పేది విని ఊరుకుంటాను. పదిహేను నిమిషాలు చాలు. అంతకుమించి లాగితే మనకే తెలియని విషయాల మీద పిల్లల చేత ప్రమాణాలు చేయించినట్టు అవుతుంది.

ఇక మూడోది. చటాన్‌పల్లి కేసునే మూడేళ్ల తర్వాత మరో పదో తరగతికి నాలుగు కాగితాలుగా తెచ్చాను. ఒక్కొక్కటి చదివాక ప్రతి ఒక్కరూ చీటీ రాయాలి, పేరు వెయ్యకూడదు. చీటీలకూ ఒక ఇబ్బంది ఉంది: పదేళ్లుగా కలిసి చదివిన పిల్లలకు ఒకరి చేతిరాత ఒకరికి తెలుసు. అందుకని వాటిని ఇంటికి పట్టుకెళ్లి, అన్నిటినీ నా చేతిరాతతో తిరగరాసి మర్నాడు చదివేవాడిని. రాత్రి గంట పని. ఈ పద్ధతిలో అసలు రహస్యం అదేనని నా అనుమానం.

మొదటి కాగితం నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం. రెండు మూడు వాక్యాలే, వివరాల్లోకి వెళ్లను. ఇక్కడ అనుకోని చోట చర్చ పుట్టింది. ఒక పిల్లవాడు ఆమె అసలు పేరు చెప్పాడు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం ఉందని, అప్పట్లో అది శిక్షాస్మృతిలో 228ఏ సెక్షన్ అని, దిశ అనేది అందుకే పెట్టిన పేరని చెప్పాను. "మరి సార్, అప్పుడు మా ఇంట్లో అందరి ఫోన్లలో ఫొటోతో సహా తిరిగింది కదా?" అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఫొటో కింద కొవ్వొత్తి బొమ్మ పెట్టి పంపితే అది సానుభూతా, నేరమా? చనిపోయిన మనిషి అనుమతి ఎవరిని అడగాలి? తల్లిదండ్రులు వద్దంటే? పోలీసులు చేసింది తప్పా ఒప్పా అన్న ప్రశ్నకన్నా దీని మీదే ఎక్కువసేపు మాట్లాడారు, ఎందుకంటే ఇది వాళ్ల ఇళ్లలో, వాళ్ల బొటనవేళ్లతో జరిగిన పని. ఒక పీరియడంతా దానికే పోయింది. పోనివ్వండి అనుకున్నాను.

రెండో కాగితం డిసెంబరు 6 నాటి పోలీసుల మాట: ఘటనాస్థలానికి తీసుకెళ్తే నిందితులు రాళ్లతో దాడి చేసి తుపాకులు లాక్కున్నారని, ఆత్మరక్షణకు కాల్చామని. జనం పోలీసుల మీద పూలు చల్లడం కూడా అందులోనే. చీటీల్లో ఎక్కువభాగం 'సరైనదే'. మూడోది సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి సిర్పూర్కర్ నాయకత్వంలో విచారణ సంఘం వేయడం. నాలుగోది 2022 మేలో బయటికి వచ్చిన ఆ సంఘం నివేదిక: పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని, నలుగురిలో ముగ్గురు అప్పటికి 18 ఏళ్లు నిండనివారని. ఆ చివరి మాట దగ్గర ఒకమ్మాయి "మా అన్నయ్య వయసా?" అంది. సంఘం చెప్పింది కోర్టు తీర్పు కాదని, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లిందని కూడా చెప్పాను. అది చెప్పకపోతే పిల్లలు ఒక పూనకం దిగి ఇంకో పూనకం ఎక్కుతారు.

చివరి చీటీల్లో అందరూ మారలేదు. "అయినా సరైనదే" అన్నవాళ్లు పన్నెండుమంది. వాళ్ల చీటీలూ అదే గొంతుతో చదివాను. నా అభిప్రాయం ఏమిటని అడిగారు, పదో తరగతి పరీక్షలు అయ్యాక చెబుతానన్నాను.

దీనికి ఖర్చు ఉంది. నాలుగు పీరియడ్లు పోతాయి, సిలబస్ వెనకబడుతుంది, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే మదింపు) మార్కులకు ఒక్కటీ కలవదు. ఒక తండ్రి వచ్చి "పిల్లలకు రాజకీయాలు నేర్పుతున్నారా?" అని నిలదీశాడు. నాలుగు కాగితాలూ చేతికిచ్చాను. చదివి ఒప్పుకోలేదు, కానీ అరగంట కూర్చుని నాతో వాదించి వెళ్లాడు. చిన్న తరగతులకు ఈ కేసు తేను. ఎనిమిది, తొమ్మిదికి 2020 మే 7న విశాఖపట్నంలో పన్నెండు ప్రాణాలు తీసిన స్టైరీన్ గ్యాస్ లీకును ఇలాగే విప్పుతాను. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు ట్యాంకును చూసుకునే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఆ వయసుకు సరిపోతుంది.

కాబట్టి నా లెక్కలో చల్లారిన కేసుకే ఓటు. అయితే చల్లారడమంటే తేదీలు గడవడమే అనుకుని ఒకసారి పొరబడబోయాను. మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్నందుకు 2018లో జరిగిన పరువు హత్య మీద నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెప్పింది, ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు. కాగితాలు సిద్ధం చేసుకుని, వెళ్లేముందు తరగతి హాజరుపట్టీ ఒకసారి చూసుకున్నాను. మా బడికి ఏ పిల్లవాడు ఏ వాడ నుంచి వస్తాడో నాకు తెలుసు, పిల్లలకు ఇంకా బాగా తెలుసు. చీటీల మీద చేతిరాతనైతే దాచగలను. ఆ రోజుకు ద్వీపకల్ప పీఠభూమి పాఠమే చెప్పి వచ్చాను.