బోర్డు పాతదే, ప్రాసెసర్ కొత్తది: రైజెన్ 7 5700ఎక్స్3డి, ఏడాదిన్నర వాడకం తర్వాత

నా కంప్యూటర్‌లో 2018 చివర్లో కొన్న ఏఎండీ కంపెనీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు (భాగాలన్నీ అమర్చే పలక) ఉండేవి. మధ్యలో ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు పెట్టాను. కార్డు మారింది గానీ ఆట తీరు మారలేదు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో శంషాబాద్‌లో దిగుతుంటే, చక్రాలు నేలను తాకే వేళకు తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి విమానం రన్‌వే పక్క గడ్డిలో ఉండేది.

తప్పు ప్రాసెసర్‌ది అని తెలుసుకోవడానికే చాలా నెలలు పట్టింది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం నలభై శాతమే చూపించేది. ఆ నలభైని నమ్మి మోసపోయాను. ప్రాసెసర్ ఒకేసారి నడిపే పన్నెండు పనుల వరుసల్లో (థ్రెడ్‌లు) ఆటను ముందుకు నడిపే ఒక్క థ్రెడ్ ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతా పదకొండు ఖాళీగా ఉండి ఏం లాభం? ఒక్కో కోర్ గ్రాఫును విడిగా తెరిచాక గానీ సంగతి బయటపడలేదు. గ్రాఫిక్స్ కార్డు అరవై శాతం దాటకుండా పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మీ కార్డు ఎప్పుడూ 95 శాతం పైనే పరుగెడుతుంటే మాత్రం ఈ సమీక్ష మీకు పనికిరాదు, ఆ డబ్బు కార్డుకే దాచుకోండి.

2024 మధ్యలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ కొట్ల సముదాయం సీటీసీకి వెళ్లాను. ఎక్కిన ప్రతి కొట్టులో ఒకటే మాట: ‘బోర్డు పాతదైపోయింది సార్, మొత్తం మార్చేయండి.’ మొత్తం అంటే ఏఎం5 బోర్డు (ఏఎండీ కొత్త రకం సాకెట్ ఉన్నది), దానికి కొత్త రకం డీడీఆర్5 మెమరీ, ప్రాసెసర్. లెక్క వేస్తే నేను అనుకున్న డబ్బుకు రెండింతలు దాటింది. ఇంటెల్ వైపు చూద్దామంటే, అప్పటికే 13, 14 తరాల చిప్‌లు అస్థిరంగా ఉన్నాయన్న వార్తలు వస్తున్నాయి. ఆ ఆగస్టులో ఇంటెల్ దిద్దుబాటు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది కూడా. చివరికి పాత ఏఎం4 సాకెట్ ఉన్న నా బోర్డులోనే కూర్చునే రైజెన్ 7 5700ఎక్స్3డి తీసుకున్నాను.

దీని గొప్పదనమంతా 96 ఎంబీ ఎల్3 క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఉంది. నా 2600లో ఉన్నది 16 ఎంబీ, అది కూడా రెండు ముక్కలుగా. పోపు వేసేటప్పుడు ఆవాలు చేతికందే డబ్బాలో ఉండటానికీ, ప్రతిసారీ సందు చివరి కొట్టుకు పరుగెత్తడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. కావలసింది క్యాష్‌లో లేకపోతే ప్రాసెసర్ మెమరీ దాకా వెళ్లి రావాలి; తెర బిగుసుకునేది ఆ ఆలస్యానికే.

అమర్చడం అనుకున్నంత సాఫీగా సాగలేదు. ముందు పాత ప్రాసెసర్ ఉండగానే కొత్త బయోస్ (బోర్డును మేల్కొలిపే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, లేకపోతే పాత బయోస్ కొత్త చిప్‌ను గుర్తించదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టేనని భయపడి, యూపీఎస్ పెట్టుకుని తెల్లవారుజామున ఐదింటికి ఆ పని చేశాను. అది బాగానే అయింది. అసలు తప్పు తర్వాత చేశాను. చల్లగా ఉన్న కూలర్‌ను నేరుగా పైకి లాగాను. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయి జిగురులా పట్టుకోవడంతో, లాక్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి కూలర్‌తో పాటు చేతికొచ్చింది. ప్రాసెసర్ అడుగున ఉండే సన్నని కాళ్లలో (పిన్నుల్లో) మూడు వంగాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో, ఊపిరి బిగబట్టి, అరగంట కూర్చుని సరిచేశాను. ముందుగా పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి, పేస్టు వేడెక్కాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. కొత్తది పెట్టి స్విచ్ వేయగానే ఎఫ్‌టీపీఎం (తాళాల సమాచారం దాచే భద్రతా భాగం) మారింది, రీసెట్ చేయాలా అని తెర అడిగింది. మీ డ్రైవ్‌కు విండోస్ బిట్‌లాకర్ తాళం ఉంటే, దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఫలితం? సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీది బొమ్మలు) వస్తాయన్న సగటు గురించి అందరూ చెబుతారు, నాకూ పెరిగాయి. కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ బాంబుల మధ్యకు వెళితే ఇదివరకు ఫ్రేములు డెబ్బైకి పడేవి, ఇప్పుడు నూటనలభై కింద దాదాపు చూడలేదు. నేను డబ్బు పెట్టింది ఆ కింది అంకె కోసమే. శంషాబాద్‌లో ఇప్పుడు రన్‌వే తప్పితే ఆ తప్పు నాదే.

వేడి సంగతి చెప్పాలి. ఇందులో అదనపు క్యాష్ పొర కోర్ల నెత్తిన కూర్చుంటుంది, అందువల్ల వేడి బయటికి రావడం కష్టం. (2024 నవంబరులో వచ్చిన కొత్త ఏఎండీ ప్రాసెసర్ 9800ఎక్స్3డిలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు.) డబ్బాలో కూలర్ రాదు, 2600తో వచ్చిన చిన్న కూలర్ దీనికి చాలదు. 120 మిల్లీమీటర్ల టవర్ కూలర్ కొన్నాను. మే నెలలో ఏసీ లేని గదిలో ఎనభై డిగ్రీల దాకా వెళ్లింది, పరిమితి 90. ఆటలో వేగం తగ్గిన గుర్తు లేదు, ఫ్యాను మోత మాత్రం పక్క గదికి వినిపిస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. గడియార వేగం (క్లాక్ స్పీడ్) 4.1 గిగాహెర్ట్జే కాబట్టి వీడియోల ఎగుమతి వంటి పనుల్లో అదనపు క్యాష్ లేని సాధారణ 5700ఎక్స్ దీనికంటే చురుకైనది. నా బోర్డులో వేగమైన ఎస్ఎస్‌డీని పెట్టే ఎం.2 స్లాటు ఒక్కటే, కార్డులు, ఎస్ఎస్‌డీలు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి పీసీఐఈ కూడా మూడో తరానిదే. రెండో ఎస్ఎస్‌డీని నెమ్మదైన సాటా కేబుల్‌కే కట్టేయాల్సి వచ్చింది. ఈ దారి ఇక్కడితో ఆగిపోతుందని కొనేటప్పుడే తెలుసు. తర్వాతి మార్పులో బోర్డుతో సహా అన్నీ పోతాయి.

ఇప్పుడు ఈ ప్రాసెసర్ కొత్త డబ్బా దొరకడం కష్టమైంది. వాడినదాన్ని ఎక్కువ ధరకు అమ్మజూపితే నేనైతే కొనను. కాళ్లు సరిచేసిన 2600 మా మేనల్లుడి కంప్యూటర్‌లో ఉంది, నిక్షేపంలా పనిచేస్తోంది. ‘మామయ్యా, నాకూ నీలాంటిదే కావాలి’ అంటున్నాడు. వాడికి రైజెన్ 5 5600 చూస్తున్నాను. ముందు బోర్డు మోడల్, బయోస్ వెర్షన్ ఫొటో తీసి పంపమన్నాను. రెండు వారాలైంది, ఇంకా పంపలేదు.