ఏటనా, డాంచిచా: 2018 డ్రాఫ్ట్‌లో సన్స్ ఎవరిని తీసుకోవాల్సింది?

2018 జూన్ 21న బ్రూక్లిన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరు ఎంచుకునే కార్యక్రమం అది. ఆ రోజు మొదటి ఎంపిక ఫీనిక్స్ సన్స్‌ది. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు ఈ పద్ధతి కొంచెం కొత్తగా ఉంటుంది. ఇక్కడ ఎక్కువ డబ్బు పెట్టినవారికి ఆటగాడు దక్కడు. ముందు సీజన్‌లో బాగా ఓడిన జట్లకే ముందు వరుసలో చోటు దొరికే అవకాశం ఎక్కువ. అప్పటి నిబంధన ప్రకారం అట్టడుగున ఉన్న జట్టుకు లాటరీలో మొదటి స్థానం వచ్చే అవకాశం 25 శాతం. 21 గెలిచి 61 ఓడిన సన్స్‌కు ఆ లాటరీ తగిలింది. జట్టు చరిత్రలో మొదటి ఎంపిక దక్కడం అదే మొదటిసారి. 1969లో నాణెం ఎగరేసి తేల్చినప్పుడు మిల్వాకీ గెలిచి, తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న లూ ఆల్సిండర్‌ను తీసుకుపోయింది. సన్స్‌కు నీల్ వాక్ మిగిలాడు. దాదాపు యాభై ఏళ్లు ఆ నాణెం గురించి బాధపడిన ఊరి ముందు ఇప్పుడు ఏడడుగుల సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు, నిలబడ్డాడు.

అతడు డియాండ్రే ఏటన్. పోటీలో ఉన్న రెండో ఆటగాడు లూకా డాంచిచ్. సన్స్ ఏటన్‌ను తీసుకుంది. డాంచిచ్‌ను మూడో స్థానంలో అట్లాంటా హాక్స్ తీసుకుని, వెంటనే డాలస్ మావరిక్స్‌కు ఇచ్చేసింది.

నా సమాధానం ముందే చెబుతాను: డాంచిచ్‌నే తీసుకోవాల్సింది. అయితే ఫలితం చూశాక ఈ మాట అనడం ఎవరికైనా సులువే. ఆ జూన్‌లో తెలిసిన సంగతులతోనే ఆ నిర్ణయానికి రావచ్చా అన్నదే అసలు ప్రశ్న. వచ్చి ఉండవచ్చనే నేను గట్టిగా నమ్ముతాను. ఆ మాట నిలబడాలంటే ఏటన్ వైపు వాదనను దాని పూర్తి బలంతో వినాలి. సన్స్‌ను ఎగతాళి చేసేవాళ్లు ఆ పని దాదాపు ఎప్పుడూ చేయరు.

ఏటన్ బహామాస్‌లో పుట్టాడు. ఫీనిక్స్‌లో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆడి, అదే రాష్ట్రంలో టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆడిన ఒక్క సీజన్‌లో సగటున 20.1 పాయింట్లు, 11.6 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం) సాధించాడు. వేసిన షాట్లలో 61 శాతం లోపల పడ్డాయి. అంత పొడవు, అంత బరువు ఉన్న మనిషి అంత తేలిగ్గా పరుగెత్తడం, అంత మెత్తగా బంతిని విడవడం అరుదు. పైగా సన్స్‌కు అప్పటికే డెవిన్ బుకర్ ఉన్నాడు. బంతి చేతిలో పెట్టుకుని స్కోరు చేసే గార్డ్ దొరికాడు కాబట్టి, ఇక కావాల్సింది రింగ్ దగ్గర కాపలా కాసే సెంటర్ అని లెక్క వేసుకోవడంలో తప్పేమీ లేదు. అప్పటి జట్టు యజమాని కూడా అరిజోనా విశ్వవిద్యాలయంలో చదివినవాడే. స్థానిక కుర్రాడు, అవసరమైన స్థానం, కళ్లు చెదిరే శరీరం: మూడూ ఒకేచోట కలిశాయి.

వ్యతిరేకంగా ఒక ఆధారం అప్పటికే ఉంది. మార్చిలో కాలేజీ జాతీయ టోర్నీ తొలి రౌండ్‌లోనే బఫలో జట్టు అరిజోనాను 89-68తో ఓడించింది. ఏటన్ కంటే పొట్టివాళ్లైన బఫలో ఆటగాళ్లు చుట్టూ పరుగులు తీస్తూ దూరం నుంచి షాట్లు వేశారు. లోపల నిలబడిన పెద్ద మనిషికి బంతి అందలేదు. ఒక్క మ్యాచ్‌తో ఎవరినీ తేల్చేయకూడదు కానీ, ఆ మ్యాచ్ చూపించిన బలహీనత చిన్నది కాదు.

ఇక డాంచిచ్ సంగతి. స్లొవేనియాలోని ల్యూబ్లానాలో పుట్టి, పదమూడేళ్లకే రియల్ మాడ్రిడ్ క్లబ్‌లో చేరాడు. పదహారేళ్లకు పెద్దల జట్టులో అడుగుపెట్టాడు. 2017 సెప్టెంబరులో ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్లో సెర్బియాను 93-85తో ఓడించి యూరోపియన్ చాంపియన్‌షిప్ గెలిచిన స్లొవేనియా జట్టులో సీనియర్ గార్డ్ గోరాన్ డ్రాగిచ్ పక్కన అతడూ ఉన్నాడు. అప్పుడు వయసు 18. 2018 మేలో బెల్‌గ్రేడ్‌లో రియల్ మాడ్రిడ్ యూరప్ క్లబ్‌ల అగ్ర టోర్నీ యూరోలీగ్ గెలిచింది; లీగ్ ఉత్తమ ఆటగాడు, ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడు రెండూ డాంచిచే. లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నవాళ్లలో అంత చిన్నవాడు అంతకుముందు లేడు. డ్రాఫ్ట్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు, జూన్ 19న, స్పానిష్ లీగ్ టైటిల్ కూడా గెలిచి న్యూయార్క్ విమానం ఎక్కాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. యూరోలీగ్ అంటే పిల్లల ఆట కాదు. ముప్పై ఏళ్లు దాటిన వృత్తి ఆటగాళ్లు, ఎన్‌బీఏలో ఆడి వచ్చినవాళ్లు, ప్రతి బంతికీ భుజం అడ్డంపెట్టే డిఫెండర్లు అక్కడ ఉంటారు. ఆ స్థాయిలో 19 ఏళ్ల కుర్రాడు జట్టును నడిపించి ట్రోఫీ ఎత్తాడు. ఏటన్ తన అంకెలు సాధించింది తన వయసువాళ్ల మీద. ఎవరి మీద గెలిచాడన్నది చూడకుండా ఎన్ని పాయింట్లు చేశాడన్నది మాత్రమే చూస్తే ఇద్దరూ దగ్గరదగ్గరగా కనిపిస్తారు. ఎదుటివాళ్లను చూస్తే అసలు పోలికే ఉండదు.

మరి అనుమానాలు ఎక్కడివి? అతడు వేగంగా పరుగెత్తడు, ఎత్తుగా ఎగరడు, ఒళ్లు కాస్త మెత్తగా ఉంటుంది, అమెరికా ఆటగాళ్లను దాటుకుని వెళ్లలేడు అన్నారు. 2003లో కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్‌ల కంటే ముందు రెండో స్థానంలో ఎంపికై విఫలమైన సెర్బియా కుర్రాడు డార్కో మిలిచిచ్ పేరు మళ్లీ మళ్లీ వినిపించింది. ఆ పోలిక నాకు ఎప్పుడూ కోపం తెప్పించేది. మిలిచిచ్‌ను తీసుకున్నది ముందుముందు ఎలా ఎదుగుతాడో అన్న ఊహ మీద. డాంచిచ్ ఎదిగి, గెలిచి, ట్రోఫీలతో వచ్చాడు. ఇద్దరిదీ యూరప్ అన్నది తప్ప వేరే సంబంధం లేదు.

వేగం గురించి కూడా ఒక మాట. డాంచిచ్ ఆటను దగ్గరగా చూస్తే అతని బలం పరుగులో కాదు, ఆగడంలో కనిపిస్తుంది. లోపలికి దూసుకువెళ్తున్నట్టు రెండడుగులు వేస్తాడు. డిఫెండర్ బరువంతా వెనక్కి పడుతుంది. ఆ క్షణంలో ఇతను బిగదీసి ఆగుతాడు. ఎడమవైపు ఒక అడుగు వెనక్కి వేసి మూడు పాయింట్ల గీత అవతల నుంచి షాట్ విడుస్తాడు. డిఫెండర్ ఎంత వేగంగా ఉంటే అంత దూరం జారిపోతాడు. మాడ్రిడ్‌లో ఆడుతున్నప్పుడే అది ఉంది. చూడాలనుకున్నవాళ్లకు వీడియోలు బోలెడున్నాయి.

నా వాదనకు మూలం ఇది: బంతి ఎవరి చేతిలో మొదలవుతుందో వాడే ఎక్కువ విలువైనవాడు. సెంటర్ ఎంత గొప్పవాడైనా తన దగ్గరకు బంతి రావాలి. ఆట నడిపేవాడికి ఎవరూ ఏమీ తెచ్చి ఇవ్వనక్కర్లేదు. అతడే నలుగురికి షాట్లు సృష్టిస్తాడు. ఇది 2018కి మరీ నిజమైంది. 2009-10 సీజన్‌లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున 18 మూడు పాయింట్ల షాట్లు వేసేది. 2017-18కల్లా అది 29కి చేరింది. కోర్టు విచ్చుకుంది, పెద్ద మనిషి చుట్టూ ఆట కట్టే రోజులు వెనకబడ్డాయి.

ఏటన్ జీవితమే దీనికి సాక్ష్యం. అతని తొలి సీజన్‌లో 16.3 పాయింట్లు, 10.3 రీబౌండ్లు వచ్చాయి, జట్టు మాత్రం 19 గెలిచి 63 ఓడింది. 2020 నవంబరులో ఆట నడిపే అనుభవజ్ఞుడైన గార్డ్ క్రిస్ పాల్ వచ్చాడు. ఆ సీజన్‌లోనే సన్స్ ఫైనల్స్‌కు వెళ్లింది. ఆ ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ సిరీస్‌లలో) ఏటన్ ఆట నిజంగా అద్భుతం. షాట్లలో దాదాపు 66 శాతం రింగ్‌లో వేశాడు, స్క్రీన్ పెట్టాడు (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు), రింగ్ కాపాడాడు, తనకు షాట్లు తగ్గినా గొణగలేదు. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌తో రెండో మ్యాచ్ చివరి క్షణాన్ని నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. 0.9 సెకన్లు మిగిలాయి, సన్స్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గీత బయటి నుంచి జే క్రౌడర్ బంతిని నేరుగా రింగ్ పైకి విసిరాడు. బుకర్ స్క్రీన్ పెట్టి క్లిప్పర్స్ సెంటర్‌ను ఆపాడు. ఏటన్ గాల్లోకి లేచి అందుకుని లోపలికి కుక్కాడు. బయటి నుంచి విసిరిన బంతి నేరుగా పడితే స్కోరు కాదు కాబట్టి, దాన్ని రింగ్ మీద ఉండగానే తాకవచ్చు. ఆ నిబంధన గుర్తుపెట్టుకుని అల్లిన ఎత్తు అది. 104-103. అంత ఎత్తులో ఆ బంతి అందుకోగలవాళ్లు లీగ్‌లో ఎక్కువమంది లేరు.

కాబట్టి ఏటన్ విఫలమైన ఎంపిక అనేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే ఆ రాత్రి కూడా ఆ బంతి మరొకరి చేతి నుంచే రావాల్సి వచ్చింది.

2022 మే 15న జరిగిన మ్యాచ్‌ను సన్స్ అభిమానులు తలచుకోవడానికి ఇష్టపడరు. రెగ్యులర్ సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచి జట్టు చరిత్రలోనే రికార్డు సృష్టించిన సన్స్, ప్లేఆఫ్స్ రెండో రౌండ్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్‌ను సొంత కోర్టులో డాలస్‌తో ఆడింది. సగం ఆట ముగిసేసరికి డాలస్ 57, సన్స్ 27. డాంచిచ్ ఒక్కడివే 27. ఫీనిక్స్ జట్టంతా కలిసి చేసినన్ని పాయింట్లు, ఫీనిక్స్ వద్దనుకున్న కుర్రాడు ఒక్కడే చేశాడు. చివరికి 123-90. ఏటన్ ఆడింది 17 నిమిషాలు, చేసింది 5 పాయింట్లు.

‘బుకర్, డాంచిచ్ ఇద్దరికీ బంతి కావాలి కదా, ఎలా కలిసి ఆడతారు?’ అని ఇప్పటికీ అడుగుతుంటారు. దీనికి బదులు సన్స్‌లోనే దొరికింది. క్రిస్ పాల్ బంతి పట్టుకుంటే బుకర్ ఆట తగ్గలేదు, పెరిగింది. 21 మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు ‘ఈ స్థానం నిండిపోయింది’ అనుకునేంత భాగ్యం లేదు. అలాంటి జట్టుకు దొరికినవాళ్లలో అందరికంటే మంచివాడు కావాలి. నన్ను మరింత బాధపెట్టేది ఇంకొకటి. స్లొవేనియాకు ఆ యూరోపియన్ టైటిల్ గెలిపించిన కోచ్ ఇగోర్ కొకోష్కొవ్‌నే ఆ ఏడాది సన్స్ తమ కోచ్‌గా తెచ్చుకుంది. డాంచిచ్‌ను అంత దగ్గరగా చూసిన కోచ్ లీగ్‌లో మరొకరు లేరు. అలాంటివాడిని పక్కన పెట్టుకుని కూడా సన్స్ ఏటన్ పేరే చదివించింది. ఒక్క సీజన్ కాగానే ఆయననూ పంపేసింది.

రెండో స్థానంలో శాక్రమెంటో మార్విన్ బాగ్లీని తీసుకోవడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఏటన్‌కు ఉన్న పరిమితులన్నీ అతనికీ ఉన్నాయి, ఏటన్ డిఫెన్స్ లేదు. 2022లో అతనిని డెట్రాయిట్‌కు ఇచ్చేశారు.

హాక్స్ నిర్ణయం మాత్రం నిజంగా ఆలోచించదగ్గది. వాళ్లు డాంచిచ్‌ను ఇచ్చి, ఐదో స్థానంలో ఎంపికైన ట్రే యంగ్‌ను, దానితోపాటు మరుసటి ఏడాది డాలస్ తొలి రౌండ్ ఎంపికను తీసుకున్నారు. యంగ్ కూడా బంతి నడిపేవాడే. ఓక్లహామా తరఫున ఒకే సీజన్‌లో దేశం మొత్తం మీద పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ (స్కోరుకు దారితీసే పాసులు) మొదటి స్థానంలో నిలిచాడు, అంతకుముందు ఎవరూ చేయని పని. అంటే నా కొలబద్ద ప్రకారం హాక్స్ సరైన రకం ఆటగాడినే కోరుకుంది. 2021లో అతడు న్యూయార్క్‌నూ ఫిలడెల్ఫియానూ ఓడించి జట్టును కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) దాకా తీసుకెళ్లాడు. కానీ ఆరడుగుల కంటే కొంచెమే ఎక్కువున్న గార్డ్‌ను ఎదుటి జట్టు ప్రతిసారీ వెతుక్కుని మరీ ఆడుతుంది. అతని డిఫెన్స్‌ను కప్పిపుచ్చడానికి మిగతా నలుగురినీ దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. ఆరడుగుల ఏడంగుళాల డాంచిచ్‌కు ఆ ఇబ్బంది అంత లేదు, డిఫెండర్ల తలల మీదుగా చూసి పాస్ ఇవ్వగలడు. ఇక ఆ అదనపు ఎంపిక క్యామ్ రెడ్డిష్‌గా మారింది, అతడు హాక్స్‌లో మూడేళ్లు కూడా నిలవలేదు. 2024 జనవరి 26న డాంచిచ్ అట్లాంటాలోనే, అదే హాక్స్ మీద, 33 షాట్లలో 25 రింగ్‌లో వేసి 73 పాయింట్లు చేశాడు. యంగ్‌ను తీసుకోవడం అర్థంచేసుకోగలిగిన పని. డాంచిచ్‌కు బదులుగా తీసుకోవడం మాత్రం కాదు.

డాంచిచ్‌కు వ్యతిరేకంగా మిగిలిన ఒకే ఒక గట్టి వాదన, 2025 ఫిబ్రవరిలో డాలసే అతనిని లేకర్స్‌కు ఇచ్చేయడం. డిఫెన్సే టైటిళ్లు తెస్తుందని ఆ జట్టు జనరల్ మేనేజర్ కారణం చెప్పారు. అతని శరీర దారుఢ్యం మీద 2018లో వచ్చిన అనుమానాలు పూర్తిగా గాలి కబుర్లు కావన్నది నిజమే. పిక్క నొప్పులు, బరువు, డిఫెన్స్‌లో బద్ధకం ఉన్నాయి. కానీ అప్పటికే అతడు డాలస్‌కు ఇచ్చింది లెక్కపెట్టండి: 2019 ఉత్తమ కొత్త ఆటగాడు, 2020 నుంచి 2024 వరకు వరుసగా ఐదుసార్లు లీగ్‌లోని అత్యుత్తమ ఐదుగురి జట్టులో చోటు, 33.9 సగటుతో ఒక సీజన్ స్కోరింగ్ కిరీటం, 2024లో ఫైనల్స్. ఏ డ్రాఫ్ట్ ఎంపిక నుంచైనా ఇంతకంటే ఎక్కువ ఆశించడం అత్యాశ.

ఏటన్‌ను మొదట తీసుకోవడం సరైనదయ్యే జట్టు ఒకటి ఊహించవచ్చు. అప్పటికే అనుభవమున్న ఆట నడిపే గార్డ్, చుట్టూ షాట్లు వేసేవాళ్లు ఉండి, రింగ్ దగ్గర ఒక్క మనిషి మాత్రమే లోటుగా ఉన్న జట్టు. అలాంటి జట్టుకు మామూలుగా మొదటి ఎంపిక రాదు. 2025 వేసవిలో పోర్ట్‌లాండ్ నుంచి విడుదలైన ఏటన్‌తో లేకర్స్ ఒప్పందం చేసుకున్నది సరిగ్గా ఆ లోటు కోసమే. అక్కడ అతనికి బంతి అందించాల్సినవాడు డాంచిచ్.