ఆరేళ్ల తర్వాత నా కలంకారీ చున్నీ

కొన్న రెండో ఏడు ఓ పెళ్లి భోజనంలో పక్కనున్నాయన నిమ్మచెక్క పిండుతుంటే రెండు చుక్కలు నా చున్నీ మీద పడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే నెమలి ముక్కు నలుపు పోయి లేత గోధుమ రంగయింది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపంటే తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి తీసే కసిం. పులుపు తగిలితే అందులోని ఇనుము కరిగిపోతుంది. అమ్మినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే విస్తరి ముందు చున్నీ తీసి పక్కన పెట్టేదాన్ని.

ఇప్పటికి 6 ఏళ్లు. వారానికోసారైనా వేసుకుంటాను. పటిక పట్టించి మొక్కల వేళ్ల రంగులో ఉడికించిన ఎరుపు చెక్కుచెదరలేదు. పసుపే నిరాశపరిచింది. ఎండలో ఆరేసి కొంత నేనే చెడగొట్టాననుకోండి. కలంకారీలో ఆకుపచ్చంటే నీలం మీద వేసిన పసుపే కాబట్టి, పసుపు ఎగిరిపోయాక నా చెట్టుకు నీలం ఆకులు మిగిలాయి. అలాగే బాగుందనే వాళ్లూ ఉన్నారు.

నేను ఊహించనిది నల్ల గీతల సంగతి. అక్కడ రంగు ఉంటుంది, బట్ట పోతుంది. మడత పడే చోట గీత వెంట నూలు సన్నబడింది, వెలుతురుకు పెడితే దారాలు లెక్కపెట్టొచ్చు. ఇనుము నూలును మెల్లగా తినేస్తుంది. అందుకే ఇప్పుడు మడతపెట్టకుండా చుట్టి పెడుతున్నా.

అయినా దీన్ని వదల్లేను. కొమ్మ మీద రెండు చిలకలున్నాయి. ఒకదాని మెడ గీత సగంలో లావైంది. కలం మళ్లీ ముంచి అక్కడే ఆనించినట్టున్నారు. వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ రంగు వదలాలి మరి. రెండో చిలక కాస్త కోపంగా ఉంటుంది.

మధ్యలో ఒకసారి మోసపోయాను కూడా. చేత్తో గీసిందని చెప్పి అమ్మిన ఇంకో చున్నీలో జానెడుకొకసారి అదే పువ్వు, అదే వంకర. స్క్రీన్ ప్రింట్! పెడన కలంకారీలోనూ పువ్వు తిరిగొస్తుంది కానీ అది చేత్తో అద్దే చెక్క అచ్చుల పని, దాని లెక్క వేరు.

కొత్తలో పాలు, కరక్కాయ కలిసిన వాసన వస్తుంది, రెండు ఉతుకులకు పోతుంది. చల్లనీళ్లు, పలచని కుంకుడు రసం, నీడ చాలు. మెషీన్‌లో మాత్రం వేయకండి.

ఇంకొకటి కొనాలని ఉంది. ఈసారి ఎరుపు ఎక్కువున్నది చూస్తాను.